పదమూడు రోజులకు సగం జీతం కోత: చిన్న సంస్థ పేరోల్‌లో మరణ సెలవు (కేస్ స్టడీ)

చిన్న వ్యాపారాలకు పేరోల్, పీఎఫ్, ఈఎస్ఐ పనులు చూసిపెట్టడం నా వృత్తి. ఇంట్లో మనిషి పోయి ఉద్యోగి పది పదిహేను రోజులు రాకపోతే జీతం ఎలా వేయాలన్న ప్రశ్న నాకు తరచూ వస్తుంటుంది. అలాంటి ఒక కేసును ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. సంస్థనూ మనుషులనూ గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. అంకెలు కూడా అసలువి కావు గానీ, లెక్క ఎలా తప్పిందో, ఎలా సరిచేశామో మాత్రం జరిగినట్టే ఉంది.

నేపథ్యం

తెలంగాణలోని ఒక జిల్లా కేంద్రంలో హోల్‌సేల్ మందుల ఏజెన్సీ. బిల్లింగ్, ప్యాకింగ్, డెలివరీ, అకౌంట్స్ అన్నీ కలిపి 24 మంది. ఇరవై దాటారు కాబట్టి పీఎఫ్ ఉంది, పది దాటారు కాబట్టి ఈఎస్ఐ ఉంది. ఫ్యాక్టరీ కాదు గనుక సెలవులకు 1988 నాటి షాపులు, సంస్థల చట్టమే ఆధారం. దాని ప్రకారం ఏడాదికి 12 క్యాజువల్ లీవులు, 12 సిక్ లీవులు, 240 రోజుల సర్వీసు నిండాక 15 రోజుల ఎర్న్‌డ్ లీవ్. ఇంట్లో చావు జరిగితే ఇచ్చే ప్రత్యేక సెలవు అందులో లేదు. ప్రైవేటు ఉద్యోగులందరికీ అలాంటి సెలవు ఇవ్వాలనే కేంద్ర చట్టమూ లేదు. అంటే ఇవ్వడం, ఇవ్వకపోవడం యజమాని ఇష్టం.

ఈ యజమాని మంచి మనిషి. ఈ కేసులో జరిగిన నష్టానికి ఆయన పిసినారితనం కారణం కాదని మొదటే చెప్పడం అవసరం.

హాజరుకు వేలిముద్రల మెషిన్ ఉంది. నెలాఖరున దాంట్లోంచి ఎక్సెల్ షీట్ తీసి పేరోల్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తారు. 5వ తారీఖున జీతాలు పడతాయి. ఈ పని అంతా వాళ్ల అకౌంటెంటే చేస్తాడు. నెలవారీ పీఎఫ్, ఈఎస్ఐ ఫైళ్లు నా దగ్గరికి వస్తాయి.

సమస్య

ప్యాకింగ్‌లో పనిచేసే ఒకామె తల్లి ఒక శనివారం తెల్లవారుజామున చనిపోయింది. పుట్టిల్లు వేరే జిల్లాలోని పల్లె. "అన్నా, మా అమ్మ పోయింది, దినాలు అయినంక వస్తా" అని సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి బయల్దేరింది. అతను సరే అన్నాడు. పదకొండో రోజు, పన్నెండో రోజు కార్యక్రమాలన్నీ ముగించుకుని, మొత్తం 13 రోజులు పోయాక మళ్లీ డ్యూటీలో చేరింది.

5వ తారీఖున ఆమె ఫోన్‌కు బ్యాంకు మెసేజ్ వచ్చింది: రూ. 5,330. అంతకు ముందు నెల పడింది రూ. 14,701.

ఆమె గొడవ చేయలేదు, ఎవరినీ అడగనూ లేదు. మర్నాడు సూపర్‌వైజర్ దగ్గరికొచ్చి తన లెక్క సెటిల్ చేయమంది, మానేస్తానంది. ఈలోపు ప్యాకింగ్ సెక్షన్ అంతా ఇంకో సంగతి మాట్లాడుకుంటోంది. రెండు నెలల క్రితం అకౌంటెంటు తండ్రి పోయినప్పుడు అతనూ దాదాపు అన్ని రోజులే రాలేదు, కానీ అతనికి పూర్తి జీతం పడింది. అప్పుడు యజమాని అతనితో "ఎన్ని రోజులైనా ఉండి రా, నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మాట ప్రకారం రిజిస్టర్‌లో అన్ని రోజులూ వచ్చినట్టే పడింది.

యజమాని నాకు ఫోన్ చేసి అన్నది ఇదీ: "ఎవరి జీతమూ కోయమని నేను అనలేదే సార్, ఇదెట్లా జరిగింది?" ఆయన అన్నది నిజమే. కోయమని ఎవరూ అనలేదు. కోయొద్దని కూడా ఎవరూ అనలేదు. సాఫ్ట్‌వేర్ తనకు నేర్పిందే చేసింది.

లెక్క ఎక్కడ తప్పింది

ఆమె జీతం రూ. 18,600. దాంట్లో బేసిక్, డీఏ కలిపి 15,000. ఒక్కరోజు కూడా మానకపోతే వచ్చే అటెండెన్స్ బోనస్ రూ. 1,200 వేరే. పాత అడ్వాన్సుకు నెలకు 3,000 కటింగ్ నడుస్తోంది. ఆ నెలకు 31 రోజులు, 5 ఆదివారాలు, 26 పనిదినాలు. ఆమె రాని 13 రోజుల్లో రెండు ఆదివారాలు. అంటే నిజంగా పోయిన పనిదినాలు 11.

సాఫ్ట్‌వేర్‌లో రెండు సెట్టింగులు కలిసి పనిచేశాయి. ఒకటి, రెండు గైర్హాజరు రోజుల మధ్య పడిన ఆదివారాన్ని కూడా గైర్హాజరుగా లెక్కించే శాండ్‌విచ్ రూల్. శనివారం, సోమవారం కలిపి ఎగ్గొట్టేవాళ్లను కట్టడి చేయడానికి ఎప్పుడో ఒక పాత అకౌంటెంటు పెట్టాడు. రెండోది, రోజు జీతం కోసం నెల జీతాన్ని 26తో భాగించడం. అది ఓవర్‌టైమ్ లెక్క కోసం పెట్టింది. దేనికి అది విడిగా చూస్తే కారణం ఉన్నదే. రెండూ కలిసినప్పుడు మాత్రం 13 రోజుల గైర్హాజరుకు 26లో 13 వంతులు, అంటే సరిగ్గా సగం జీతం, రూ. 9,300 పోయింది.

ఆదివారాలను లెక్కలోకి తీసుకుంటే భాగించాల్సింది 31తో. అప్పుడు కోత 7,800. ఆదివారాలు వదిలేసి 26తో భాగిస్తే 11 రోజులకు 7,869. ఏ పద్ధతి పట్టుకున్నా అటూ ఇటుగా ఒకటే వస్తుంది. రాని రోజుల్లో ఆదివారాలు కలిపి, భాగించేటప్పుడు మాత్రం వదిలేయడం వల్ల 1,400కు పైగా అదనంగా తెగింది. వేతనాల చెల్లింపు చట్టం, 1936 గైర్హాజరు కోతకు పెట్టిన హద్దు ఒక్కటే: మొత్తం పనికాలంలో రాని కాలం ఎంత వంతో, జీతంలో కోత అంత వంతుకు మించకూడదు. దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఇదే సూత్రం ఉంది. ఏ క్లయింటు లెక్క చూసినా నేను పట్టుకునే కొలబద్ద ఇదే.

మిగతా 9,300లోంచి పీఎఫ్ 900, ఈఎస్ఐ 70, అడ్వాన్స్ 3,000 పోయాయి. అటెండెన్స్ బోనస్ ఎగిరిపోయింది. జీతం 15,000 లోపుకు పడిపోవడంతో ఆ నెలకు వృత్తి పన్ను 150 తప్పింది, ఆమెకు దక్కిన ఊరట అదొక్కటే. చేతికొచ్చింది 5,330.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఆమె ఖాతాలో అప్పటికి 4 క్యాజువల్, 9 ఎర్న్‌డ్ లీవులు మిగిలే ఉన్నాయి. కావాల్సినవి 11. యజమాని దయతలచి రూపాయి అదనంగా ఇవ్వకపోయినా, చట్టం ఇచ్చిన సెలవులతోనే ఆ నెల జీతం పూర్తిగా పడాలి. పడలేదు, ఎందుకంటే లీవ్ ఫారం రాలేదు. ఫారం లేనిదే లీవ్ లేదు, లీవ్ లేనిదే లాస్ ఆఫ్ పే, అంటే జీతం కోత. తల్లి శవం ఇంట్లో ఉండగా ఫారం నింపి పంపేదెవరు?

మొదట చేసినవి, ఎందుకు పారలేదు

నాకు ఫోన్ రాకముందే యజమాని ఆమెను పిలిచి కవర్లో 5,000 పెట్టి ఇచ్చాడు. తీసుకుంది, కానీ సెటిల్‌మెంట్ మాట వెనక్కి తీసుకోలేదు. నాకది సబబే అనిపించింది. అకౌంటెంటుకు జీతంగా వచ్చింది తనకు సాయంగా వచ్చింది. పైగా స్లిప్పులో లాస్ ఆఫ్ పే 13 రోజులు అని అలాగే ఉంది.

సూపర్‌వైజర్ ఇంకో దారి చెప్పాడు: "సిక్ లీవ్ రాయిద్దాం, తెలిసిన డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తడు." వద్దన్నాను. లేని జబ్బుకు కాగితం పుట్టించడం ఒక తప్పు. రేపు ఆమెకు నిజంగా జ్వరమొస్తే సిక్ లీవులు ఉండవు, అది రెండోది. ఇక ఈ దారిలో ఒకరిని పంపితే తర్వాతి వాళ్లందరూ అబద్ధం చెప్పక తప్పదు.

తేడా మొత్తాన్ని ఎక్స్‌గ్రేషియాగా, అంటే జీతం కాని సాయంగా, వేసేస్తే సరిపోదా అని అకౌంటెంటు అడిగాడు. డబ్బు పరంగా సరిపోతుంది. కానీ నెలనెలా పీఎఫ్ చందా వివరాలు పంపే ఈసీఆర్ ఫైలులో ఆమె పేరు ఎదురుగా ఎన్‌సీపీ డేస్, అంటే చందా పడని రోజులు, 13 అని వెళ్తుంది. పెన్షన్ సర్వీసులోంచి ఆ రోజులు పోతాయి. ఈఎస్ఐలోనూ ఆ రోజులు తగ్గుతాయి. సిక్‌నెస్ బెనిఫిట్ రావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా పడి ఉండాలి కాబట్టి, అంచున ఉన్నవాళ్లకు ఈ రోజులే కీలకం.

అదృష్టం ఏమిటంటే, పీఎఫ్, ఈఎస్ఐ కట్టే గడువు 15వ తారీఖు. అప్పటికి ఫైళ్లు ఎక్కించలేదు. అందుకే ఆ నెల పేరోల్‌నే తిరగదోడుదామన్నాను.

సర్దుబాటు

పూర్తి జీతం ఇచ్చేయమన్నాడు యజమాని. ఇవ్వడం తేలికే, ఏ పద్దు కింద ఇవ్వాలన్నదే తేలాలి. ఆమె సొంత లీవుల్లోంచి 11 తీసేస్తే ఏడాది మిగతా భాగానికి రెండే మిగులుతాయి. అకౌంటెంటుకు మాత్రం ఒక్క లీవూ తగ్గలేదు. లీవులు ముట్టుకోకుండా 13 రోజులూ ఉచితంగా ఇస్తే, రేపు ఎవరి ఇంట్లో చావు జరిగినా అంతే ఇవ్వాలి, ఆ భారం మోయగలడో లేదో ఆయన ఇంకా లెక్కేసుకోలేదు.

చివరికి ఇద్దరికీ ఒకే కొలత పెట్టాం. 5 పనిదినాలు సంస్థ తరఫున జీతంతో కూడిన ప్రత్యేక సెలవు, మిగిలినవి సొంత లీవుల్లోంచి. ఆమెకు 6 తగ్గి 7 మిగిలాయి. అకౌంటెంటు రెండు నెలల కిందటి రికార్డును కూడా మార్చాం. మనిషి ఊళ్లో కర్మ చేస్తుంటే షాపులో ఉన్నట్టు రిజిస్టర్ చెప్పడం రేపు ఏ తనిఖీలోనైనా మెడకు చుట్టుకుంటుంది. అతను కాస్త గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. అందరి ముందూ ఈ విషయం సర్దుకోవడానికి యజమాని దయ కన్నా అతని ఒప్పుకోలు ఎక్కువ ఉపయోగపడిందని నా అభిప్రాయం.

అటెండెన్స్ బోనస్ తిరిగి ఇచ్చాం. ఆ నెల అడ్వాన్స్ కటింగ్ ఆపాం. పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 149, వృత్తి పన్ను 150 పోగా 17,701 రావాలి. ముందు పడిన 5,330 తీసేసి మిగతా 12,371 ఆమె ఖాతాలో వేయించాం. కవర్లో ఇచ్చిన 5,000 యజమాని సొంత జేబులోది. దాన్ని పేరోల్‌లోకి రానివ్వలేదు, తిరిగి అడగనూ లేదు.

ఈసీఆర్‌లో ఒక ఉచ్చు ఉంది, చెప్పి ముందుకు వెళ్తాను. చివరి కాలమ్ పేరు రీఫండ్ ఆఫ్ అడ్వాన్సెస్. కొత్త అకౌంటెంట్లు కొందరు జీతం అడ్వాన్స్ కటింగును అందులో వేసేస్తుంటారు. అది పీఎఫ్‌లోంచి తీసుకున్న అడ్వాన్సును తిరిగి కట్టేదానికి. మన 3,000కూ దానికీ సంబంధం లేదు.

నోటీసు బోర్డు మీది పాలసీ

ఆమె మానలేదు. యజమాని ఊపిరి పీల్చుకుని ఎక్కడినుంచో ఒక మరణ సెలవు పాలసీ దించి నోటీసు బోర్డు మీద అంటించాడు. అందులో రోజులు మూడు, అదీ ఒకే దఫాలో. వర్తించేది భార్య లేదా భర్త, పిల్లలు, "ఆధారపడిన" తల్లిదండ్రులు. ఏడు రోజుల్లో మరణ ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి.

"ఆధారపడిన" అన్న మాట ఇన్సూరెన్స్ ఫారాల్లోంచి వచ్చింది. పెళ్లయిన కూతురి మీద ఆమె తల్లి ఆధారపడినట్టు ఏ కాగితంలోనూ ఉండదు. అంటే ఎవరి వల్ల ఈ పాలసీ పుట్టిందో ఆమెకే ఇది వర్తించదు. ఈ సంగతి యజమానికి చూపిస్తే కాసేపు మాట్లాడలేదు.

మిగతా లోపాలు ఆ తర్వాతి కొద్ది నెలల్లో బయటపడ్డాయి. డెలివరీ చేసే ఒక కుర్రాడి పెద్దనాన్న పోయాడు. చిన్నప్పుడే తండ్రి పోతే పెంచి పెద్దచేసింది ఆయనే, కర్మ చేసింది ఈ కుర్రాడే. జాబితాలో పెద్దనాన్న లేడు. ఇక పత్రం సంగతి. మరణాన్ని నమోదు చేయించడానికి చట్టమే 21 రోజుల గడువు ఇస్తుంది. మనం ఏడు రోజుల్లో తెమ్మంటే ఇంటి పనులు వదిలేసి పంచాయతీ సెక్రటరీ చుట్టూ తిరగాలి. ఒకే దఫా అన్నది కూడా అందరికీ కుదరదని బిల్లింగ్‌లో ఉండే ఒకతను చెప్పాడు. వాళ్లింట్లో ఖననం అదే రోజు అయిపోయింది, మూడు రోజుల తర్వాత డ్యూటీకి వచ్చేయగలడు, కానీ నలభయ్యో రోజుకు ఊరెళ్లాలి.

నిలబడినది

బోర్డు మీది మూడు కాక, మొదట సర్దుబాటులో ఇచ్చిన ఐదు రోజులే ఉంచాం, పనిదినాల లెక్కలో. మరణం జరిగిన నాటి నుంచి ఏడాది లోపు విడివిడిగా వాడుకోవచ్చు. అప్పుడు మూడో రోజుకు, పెద్దకర్మకు, నలభయ్యో రోజుకు, చర్చిలో జ్ఞాపకార్థ ప్రార్థనకు, సంవత్సరీకానికి ఎవరి ఆచారం వాళ్లది. ఎవరు కర్మ చేస్తున్నారు, ఎన్నాళ్లు మైల పడతారు అని సంస్థ అడగాల్సిన పని ఉండదు. కర్మ చేసేవాళ్లకు ఎక్కువ రోజులు ఇద్దామని యజమాని అన్నాడు. ఆలోచన మంచిదే, కానీ అలా చేస్తే ఒక మతం ఆచారాన్ని కొలతగా పెట్టినట్టవుతుంది. వద్దనుకున్నాం.

ఎవరు దగ్గరివాళ్లు అన్నదాని మీద ఎక్కువసేపు వాదించుకున్నాం. తల్లిదండ్రులు, అత్తమామలు, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులు, తాతలు, నానమ్మలు, అమ్మమ్మలు ఎలాగూ ఉంటారు. వీళ్లు కాక ప్రతి ఉద్యోగీ ఇంకో ఇద్దరి పేర్లు ముందే రాసివ్వొచ్చు, ఏ సంబంధమో చెప్పక్కర్లేదు. "అట్లయితే ఊరంతా రాస్తరు సార్" అన్నాడు యజమాని. ఇద్దరికి మించకూడదు, ఏటా ఏప్రిల్‌లో తప్ప మార్చకూడదు అన్నాక తగ్గాడు. పేరు ముందే ఉండటంలో లాభం ఏమిటంటే, మనిషి పోయిన రోజున ఆ మనిషి తనకు ఏమవుతాడో ఉద్యోగి సూపర్‌వైజర్‌కు నిరూపించుకోవాల్సిన అవసరం రాదు.

ఐదు రోజులు అయిపోతే క్యాజువల్, ఎర్న్‌డ్ లీవులు ఫారం లేకుండానే వాటంతట అవే సర్దుకుంటాయి. అవీ చాలకపోతే వచ్చే ఏడాది ఖాతాలోంచి ముందుగా ఇస్తారు. లాస్ ఆఫ్ పే చిట్టచివరిది, అదీ యజమాని సంతకం ఉంటేనే. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని తలకిందులు చేయడమే అసలు పని. ఇంతకుముందు ఎవరూ ఏమీ చేయకపోతే కోత పడేది. ఇప్పుడు కోయాలంటే ఎవరో ఒకరు పూనుకుని కోయాలి. శాండ్‌విచ్ రూల్‌ను ఈ సెలవుకు తీసేశాం, గైర్హాజరు కోతకు భాగింపును నెలలోని రోజులకు మార్చాం, 26ను ఓవర్‌టైమ్‌కు మాత్రమే ఉంచాం.

పత్రం అడగటం మానేశాం. సూపర్‌వైజరో తోటి ఉద్యోగో తెలిసిందని ఒక మాట చెబితే చాలు. ఇంత చిన్న చోట లేని చావును చెప్పి సెలవు తీసుకునేవాళ్లు ఉండరని నా నమ్మకం. ఉన్నా పోయేది ఐదు రోజుల జీతం.

జీతం స్లిప్పులో ఈ సెలవును ప్రత్యేక సెలవు అనే చూపిస్తాం, చావు ప్రస్తావన ఉండదు. ఆ స్లిప్పు రేపు లోన్ కోసం బ్యాంకుకు వెళ్తుంది, అద్దె ఇంటి కోసం ఇంకెవరికో వెళ్తుంది.

ఖర్చు ఎంతని యజమాని అడిగాడు, అడగాలి కూడా. 18,600 జీతం మీద 5 రోజులకు దాదాపు 3,577. యజమాని వాటా పీఎఫ్, ఈఎస్ఐ కలిపితే నాలుగు వేలు దాటుతుంది. ఒక పాత మనిషి మానేసి కొత్త మనిషి వస్తే మందుల పేర్లు, బ్యాచ్ నంబర్లు నేర్పేదాకా ప్యాకింగ్‌లో జరిగే తప్పుల ఖర్చు ఆయనకు నాకన్నా బాగా తెలుసు. ఇంకేం అడగలేదు.

సూపర్‌వైజర్ ఫోన్‌లో ఏం చెప్పాలన్నది కూడా రాసిచ్చాం. "ఎప్పుడొస్తవ్?" అని మొదటి ఫోన్‌లో అడగకూడదు. "జీతం గురించి టెన్షన్ పడకు, 5వ తారీఖున మామూలుగానే పడుతది" అనాలి. పనిలో చేరిన రోజు లెక్కంతా కాగితం మీద చూపించాలి: ప్రత్యేక సెలవు ఎన్ని, సొంత లీవులు ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి. అడ్వాన్స్ కటింగ్ ఆ నెల దానంతటదే ఆగుతుంది.

తర్వాత వచ్చిన పరీక్ష

ఏడాది తిరక్కముందే ఆర్డర్లు ఎంట్రీ చేసే ఒకామె భర్త పోయాడు. భర్త పోయిన ముస్లిం స్త్రీ ఇంటిపట్టున పాటించే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు. ఐదు రోజులు, లీవులు, ముందస్తు లీవులు అన్నీ కలిపినా ఆ కాలంలో మూడో వంతు కూడా నిండలేదు. ఇంటినుంచి పూటకు కొంత ఎంట్రీ చేస్తానని ఆమే అడిగింది. లాప్‌టాప్ ఇచ్చి, చేసిన రోజులకు జీతం వేశాం. మధ్యలో ఒక నెల ఏమీ చేయలేకపోయింది. ఈఎస్ఐ పోర్టల్‌లో సున్నా రోజులకు కారణం అడుగుతుంది. అక్కడ 1 అంటే సెలవులో ఉన్నారని, 2 అంటే మానేశారని. అలవాటు మీద అకౌంటెంటు 2 నొక్కబోతుంటే ఆపాం. 2 పడితే ఆమె ఈఎస్ఐ రికార్డులో ఉద్యోగం మానేసినట్టే. భర్త పోయిన ఇంట్లో పిల్లలకు ఆస్పత్రి అవసరం పడే సమయంలో అది తిప్పలు తెచ్చిపెట్టేది.

తేలని సంగతి ఒకటి మిగిలింది. సరుకు దించే హమాలీలు పేరోల్‌లో లేరు. వాళ్లకు పెట్టెకు ఇంత అని లెక్క, డబ్బు మేస్త్రీ చేతికి వెళ్తుంది. వాళ్లలో ఒకరి తల్లి పోయినప్పుడు నెలన్నర పాటు అప్పుతోనే గడిచిందని యజమానికి తర్వాత తెలిసింది. గత మూడు నెలల సగటు రోజు కూలి లెక్కగట్టి మూడు రోజులకు నేరుగా వాళ్ల ఖాతాల్లో వేద్దామని ప్రతిపాదించాను. యజమాని ఒప్పుకున్నాడు. తన చేతి మీదుగా కాక నేరుగా డబ్బు వేయడానికి మేస్త్రీ ఇంకా ఒప్పుకోలేదు.